అప్పు, షేరు, యంత్రం: అమెరికా ఆర్థిక రంగంలో గణన మేధ చరిత్ర

అమెరికా ఆర్థిక రంగంలోకి లెక్కల మేధ ముందుగా వచ్చింది షేర్ మార్కెట్ దారిన కాదు, వాయిదాల అప్పుల దారిన. 1920ల నాటికే అక్కడ కార్లు, రేడియోలు, ఇంటి సామాను వాయిదాల మీద కొనడం మామూలైపోయింది. అడిగినవాళ్లకు అప్పు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి మనిషిని చూసి, ఉద్యోగం, నివాసం, పాత బాకీలు విచారించి తేల్చేవాడు. ఒక అధికారి సరేనన్న మనిషిని ఇంకో అధికారి వెనక్కి పంపేవాడు. 1941లో నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రిసెర్చ్ ప్రచురించిన అధ్యయనంలో డేవిడ్ డ్యురాండ్ ఈ తీర్పును అంకెల్లోకి దించారు. 37 సంస్థలు ఇచ్చిన సుమారు 7,200 అప్పుల రికార్డులను ముందేసుకుని, సక్రమంగా తీరిన వాటిని ఒక పక్క, మొండిబాకీలను ఒక పక్క పెట్టి, ఏ లక్షణానికి ఎంత బరువిస్తే ఈ రెండు గుంపులూ బాగా విడిపోతాయో లెక్క కట్టారు. బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1936లో ఐరిస్ పూల జాతులను రేకుల కొలతలతో వేరు చేసి చూపించిన పద్ధతే డ్యురాండ్‌కు ఆధారమైంది.

ఆ పద్ధతిని ముందుకు నడిపిన వాళ్లలో తెలుగువారు సి.ఆర్. రావు ఒకరు. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర పనిచేసి, కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలోనే పరిశోధన చేశారు. రెండు గుంపులను వేరు చేసే లెక్కను ఆయన 1948లో ఎన్ని గుంపులకైనా వర్తించేలా విస్తరించారు. ఆయన మనసులో ఉన్నది జీవజాతుల వర్గీకరణే, బ్యాంకుల సంగతి కాదు. అయినా ఆ కుటుంబానికి చెందిన లెక్కతోనే న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ 1968లో కంపెనీల దివాళాను ముందుగా పసిగట్టే సూత్రం తయారుచేశారు. దివాళా తీసిన 33 తయారీ కంపెనీలు, నిలబడిన 33 కంపెనీలు తీసుకుని, ఐదు ఆర్థిక నిష్పత్తులను కలిపి ఒకే అంకెగా మార్చారు. ఆ అంకె 1.81 కంటే తగ్గితే ప్రమాదం, 2.99 దాటితే క్షేమం. ఆల్ట్‌మన్ జెడ్ స్కోరు పేరుతో అది ఇప్పటికీ కామర్స్ విద్యార్థుల పాఠాల్లో ఉంది.

అప్పుల లెక్కను వ్యాపారంగా మార్చింది ఇంజనీరు బిల్ ఫెయిర్, గణితజ్ఞుడు ఎర్ల్ ఐజాక్. 1956లో ఇద్దరూ తలా 400 డాలర్లు వేసుకుని కాలిఫోర్నియాలో ఫెయిర్ ఐజాక్ కంపెనీ పెట్టారు. తమ పద్ధతిని వివరిస్తూ దేశంలోని 50 పెద్ద అప్పుల సంస్థలకు ఉత్తరాలు రాస్తే ఒక్కటంటే ఒక్కటే బదులిచ్చింది. వాళ్లు తయారుచేసిన స్కోర్‌కార్డు చూడ్డానికి చాలా సాదాగా ఉండేది. సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఆ చిరునామాలో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఉద్యోగంలో చేరి ఎంతకాలమైంది, బ్యాంకు ఖాతా ఉందా అన్న ప్రతి ప్రశ్నకూ, దానికి వచ్చే ప్రతి జవాబుకూ కొన్ని పాయింట్లు. కౌంటరులో కూర్చున్న గుమాస్తా ఆ పాయింట్లను కాగితం మీద కూడి, మొత్తం గీత దాటితే దరఖాస్తును పైకి పంపేవాడు, లేదంటే పక్కన పెట్టేవాడు. ఆ బరువులను వేల పాత ఖాతాల నుంచి తేల్చే దగ్గరే కంప్యూటరు అవసరం. రోజువారీ వాడకానికి కూడిక వస్తే చాలు.

ఈ సాదాతనమే తర్వాత దాన్ని కాపాడింది. 1974 వరకు అమెరికాలో పెళ్లైన స్త్రీ సొంతంగా అప్పు తెచ్చుకోవడం కష్టం. ఆమె సంపాదనను పూర్తిగా లెక్కలోకి తీసుకోకపోవడం, భర్త సంతకం అడగడం చాలాచోట్ల మామూలు. ఆ ఏడాది వచ్చిన సమాన రుణావకాశ చట్టం స్త్రీ పురుష భేదం, వైవాహిక స్థితి ఆధారంగా అప్పు నిరాకరించడాన్ని నిషేధించింది. 1976 సవరణలు జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, వయసు లాంటి వాటిని కూడా జాబితాలో చేర్చాయి. అప్పు కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో కారణం చెప్పించుకునే హక్కునూ ఇచ్చాయి. అధికారి మనసులో ఏముందో రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. పాయింట్ల కాగితం మీద మాత్రం ఏ గడిలో ఎన్ని తగ్గాయో కళ్లకు కనిపిస్తుంది. గణాంకాల ప్రకారం నిలబడే స్కోరు పద్ధతి అంటే ఏమిటో ప్రభుత్వ నిబంధనలే నిర్వచించాక, అప్పటిదాకా అనుమానంగా చూసిన సంస్థలు కూడా స్కోర్‌కార్డు వైపు మళ్లాయి. అమెరికాలో యంత్రపు తీర్పుకు చట్టం అడ్డుపడిందన్న అభిప్రాయం చాలామందికి ఉంది. చరిత్ర చూస్తే, దానికి ఊపిరి పోసింది ఈ చట్టమే. 1989లో ఫెయిర్ ఐజాక్ నుంచి దేశం మొత్తానికీ పనికొచ్చే ఫైకో స్కోరు వచ్చింది. 1995లో ఇంటి అప్పులకు దన్నుగా నిలిచే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ దాన్ని సిఫారసు చేశాయి. 300 నుంచి 850 మధ్య ఉండే ఆ అంకె, చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఇవాళ చిరపరిచితం. అమెరికాలో అప్పుల చరిత్ర లేనివాళ్లకు స్కోరూ ఉండదు. అందుకే అద్దె ఇంటికైనా, మొదటి కారుకైనా కొత్తగా దిగినవాళ్లు పడే తిప్పలు ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి.

మనిషి ఆలోచించే తీరునే యంత్రంలో పెట్టి ఆర్థిక నిర్ణయాలు చేయించాలన్న ప్రయత్నం పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో ఆ ఊరి పేరు ఆ గుడి రావడానికి ఇరవై ఏళ్ల ముందే మోగింది. తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంగా మారిన కార్నెగీ టెక్‌లో పనిచేసిన హెర్బర్ట్ సైమన్‌కు ఆర్థిక శాస్త్రం మీద ఒక పేచీ ఉండేది. పాఠ్యపుస్తకాల్లోని మనిషి అన్ని దారులూ తూచి, అన్నింట్లోకీ మేలైనదే ఎంచుకుంటాడు. అసలు మనిషికి అంత సమాచారమూ ఉండదు, అంత తీరికా ఉండదు. పని జరిగిపోయేంత మంచి దారి దొరకగానే ఆగిపోతాడు. 1955లో ప్రచురించిన ఈ ఆలోచనే ఆయనకు 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిన కృషికి పునాది. అదే సమయంలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి ఆయన లాజిక్ థియరిస్ట్ అనే ప్రోగ్రామ్ రూపొందించారు. తర్కశాస్త్ర సిద్ధాంతాలను అది తనంతట తాను రుజువు చేస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఇంకా యంత్రం మీద నడవకముందు, 1956 జనవరిలో సైమన్ తన భార్యనూ ముగ్గురు పిల్లలనూ కొందరు విద్యార్థులనూ ఒక గదిలో కూర్చోబెట్టి తలా ఒక కార్డు ఇచ్చారు. ఒక్కో కార్డులో ప్రోగ్రామ్‌లోని ఒక్కో భాగం. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తమ కార్డులో ఉన్న పని చేస్తూ పోతే, ఆ గదిలోని మనుషులే కంప్యూటరైపోయారు.

సైమన్ బృందంలోని జెఫ్రీ క్లార్క్‌సన్ ఈ పద్ధతిని నేరుగా డబ్బు దగ్గరికి తీసుకెళ్లారు. ఇతరుల సొమ్మును వాళ్ల తరఫున మదుపు చేసే బ్యాంకు ట్రస్టు అధికారి ఒకరిని ఎంచుకుని, ఆయన ఏ షేర్లు కొనాలో తేల్చుకుంటున్నంతసేపూ మనసులో మాట పైకి చెప్పమన్నారు. ఆ మాటలన్నీ రాసుకుని, అందులోని ప్రశ్నల వరసను పట్టుకున్నారు. ఖాతాదారుకు కావాల్సింది ఆదాయమా, ఎదుగుదలా? ఏ పరిశ్రమ? ఆ పరిశ్రమలో ఏ కంపెనీ? డివిడెండు ఎలా ఉంది? ఆ వరసనే ప్రోగ్రామ్‌గా రాశారు. తర్వాత అసలు ఖాతాలు కొన్ని ఇచ్చి చూస్తే, ప్రోగ్రామ్ ఎంచినవీ అధికారి ఎంచినవీ చాలావరకు కలిశాయి. 1962లో పుస్తకంగా వచ్చిన ఈ పని ఎందుకో తగినంత గుర్తింపుకు నోచుకోలేదు. ధర రేపు ఎంత అవుతుందో చెప్పాలని క్లార్క్‌సన్ ప్రయత్నించలేదు. ఒక మంచి అధికారి ఎలా నిర్ణయిస్తాడో అర్థం చేసుకోవాలనుకున్నారు. ఆ తేడా ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

ఆ బాటలో కొనసాగిన నిపుణ వ్యవస్థలు 1980లలో వాల్ స్ట్రీట్‌కు చేరాయి. వాటిలో చెప్పుకోదగ్గది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాడిన ఆథరైజర్స్ అసిస్టెంట్. ఆ కంపెనీ చార్జ్ కార్డుకు ముందుగా పెట్టిన ఖర్చు పరిమితి ఉండదు. అందుకని పెద్ద కొనుగోలు జరిగిన ప్రతిసారీ అనుమతించాలా వద్దా అన్నది ఫోనులో దుకాణదారు ఎదురుచూస్తుండగానే ఒక ఉద్యోగి తేల్చాలి. ఎన్నో తెరల్లో చెల్లాచెదురుగా ఉన్న ఖాతా వివరాలు చదివి, క్షణాల్లో ఊహించి చెప్పాలి. అనుభవజ్ఞులైన ఉద్యోగుల తెలివిని వందల నియమాలుగా రాసి, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం చేసిన యంత్రాల మీద నడిపి, సలహాతో పాటు దాని కారణాన్నీ తెర మీద చూపించేలా చేశారు. అయితే నియమాలు ఎవరో ఒకరు రాయాలి, మోసగాళ్ల ఎత్తులు మారినప్పుడల్లా తిరగరాయాలి. ఆ బరువే నిపుణ వ్యవస్థలను కుంగదీసింది.

అలా రాసిపెట్టిన కచ్చితమైన నియమాల మీదే ఆధారపడని పద్ధతులు అప్పటికే మూడు దారుల్లో ఎదుగుతున్నాయి. మెదడు కణాల అల్లికను తలపించే న్యూరల్ నెట్‌వర్కులు ఒకటి. బర్క్‌లీలో లోట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన, అవును-కాదుల మధ్య స్థాయిలనూ పట్టుకునే ఫజీ సెట్లు రెండోది. మిషిగన్‌లో జాన్ హాలండ్ 1975లో పుస్తకంగా తెచ్చిన జెనెటిక్ అల్గారిథమ్‌లు మూడోది. ఈ మూడింటినీ కలిపి గణన మేధ అనే గొడుగు కిందికి తెచ్చిన ప్రపంచ మహాసభ 1994లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో జరిగింది. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో గణన మేధను ఆర్థిక రంగానికి వర్తించే పరిశోధకులకు ప్రత్యేక సదస్సు మొదలైంది.

న్యూరల్ నెట్‌వర్కుకు ఆర్థిక రంగంలో తొలి ఓటమి, తొలి గెలుపు రెండూ శాన్ డియాగోలోనే ఎదురయ్యాయి. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్ర ఆచార్యుడు హాల్బర్ట్ వైట్ 1988లో ఐబీఎం షేరు రోజువారీ రాబడులను నెట్‌వర్కుకు నేర్పారు. వరసగా 1,000 రోజుల లెక్కలు ఇచ్చి, దానికి ముందు 500 రోజులు, తర్వాత 500 రోజులు పరీక్షకు దాచారు. నేర్చుకున్న రోజుల మీద నెట్‌వర్కు బ్రహ్మాండంగా పనిచేసింది. దాచిపెట్టిన రోజుల మీద చేతులెత్తేసింది. పాఠాన్ని అది అర్థం చేసుకోలేదు, బట్టీ పట్టింది. ఓటమిని దాచకుండా ప్రచురించడం ఒక ఎత్తైతే, దాని నుంచి ఆయన తీసిన పాఠం ఇంకో ఎత్తు. ఒకే లెక్కల మూటను వందసార్లు తవ్వితే ఏదో ఒక సూత్రం యాదృచ్ఛికంగా బాగా కనిపించి తీరుతుంది. అలా దొరికిన సూత్రంలో నిజమెంతో కొలిచే పరీక్షను వైట్ 2000లో ప్రచురించారు. షేర్ల జోస్యం చెప్పే ఏ కొత్త యంత్రమైనా ముందు ఈ పరీక్షకు నిలవాలి. నిలిచినవి బహు కొద్ది.

గెలుపు క్రెడిట్ కార్డుల దగ్గర వచ్చింది. 1986లో రాబర్ట్ హెక్ట్-నీల్సన్, టాడ్ గుట్షోతో కలిసి పెట్టిన హెచ్‌ఎన్‌సీ 1992లో ఫాల్కన్ అనే వ్యవస్థను విడుదల చేసింది. కార్డు గీసిన ప్రతిసారీ ఆ లావాదేవీకి అది 1 నుంచి 999 లోపు ఒక అంకె ఇస్తుంది. అంకె పెరిగేకొద్దీ మోసమన్న అనుమానం పెరుగుతుంది. రెండు పనులూ ఒకే రకం యంత్రానివే అయినప్పుడు ఇక్కడ నెగ్గి అక్కడ ఎందుకు ఓడిందన్న ప్రశ్నకు జవాబు పని స్వభావంలోనే ఉంది. కార్డు మోసాలు రోజూ వేలల్లో జరుగుతాయి. ఏది మోసమో కొద్ది వారాల్లో ఖాతాదారే చెప్పేస్తాడు. యంత్రానికి ప్రశ్నలూ కొల్లలు, జవాబులూ కచ్చితం. షేరు ధరకు అలాంటి జవాబు పత్రం లేదు. పైగా ఒక సూత్రం పనిచేస్తోందని నలుగురికి తెలియగానే ఆ నలుగురి కొనుగోళ్లే దాన్ని చెరిపేస్తాయి. 2002లో హెచ్‌ఎన్‌సీ ఫెయిర్ ఐజాక్‌లో కలిసిపోయింది.

ధర జోస్యం సంగతి అలా ఉంచి, అసలు బజారు ఎలా పుడుతుందో యంత్రంలోనే చూద్దామన్న పరిశోధన న్యూమెక్సికో ఎడారి ఊరు శాంతా ఫేలో జరిగింది. లాస్ అలమోస్ అణు ప్రయోగశాల శాస్త్రవేత్తలు జార్జ్ కోవన్ నాయకత్వంలో 1984లో అక్కడొక సంస్థ స్థాపించారు. కాన్యన్ రోడ్డులోని క్రిస్టో రే కాన్వెంటు వాళ్ల తొలి ఆఫీసు. దాని ఆర్థిక పరిశోధనకు డబ్బిచ్చింది సిటీకార్ప్ అధినేత జాన్ రీడ్. పేద దేశాలకు ఇచ్చిన అప్పులు మునిగి 1987 మే నెలలో ఆ బ్యాంకు 300 కోట్ల డాలర్లు నష్టాల కింద పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ ప్రమాదాన్ని బ్యాంకు ఆర్థికవేత్తలు పసిగట్టలేకపోయారని రీడ్ బాధ. 1987 సెప్టెంబరులో కెన్నెత్ ఆరో ఆర్థికవేత్తలనూ, ఫిలిప్ ఆండర్సన్ భౌతిక శాస్త్రవేత్తలనూ తీసుకొచ్చి పది రోజులు ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరూ నోబెల్ గ్రహీతలే. ఆర్థికవేత్తల గణితం చూసి భౌతికులు ఆశ్చర్యపోయారు. ఆ గణితం ఊహించుకునే సర్వజ్ఞుడైన మనిషిని చూసి మరీ ఆశ్చర్యపోయారు.

సభ ముగిసిన కొద్ది వారాలకు, అక్టోబరు 19న, డౌ జోన్స్ సూచీ ఒక్క రోజులో 508 పాయింట్లు, అంటే 22.6 శాతం పడింది. అంత పతనానికి తగిన వార్తేదీ ఆ రోజు లేదు. ధర పడితే అమ్ము అని ముందే రాసిపెట్టుకున్న పోర్ట్‌ఫోలియో బీమా లెక్కలు పతనాన్ని మరింత తోశాయని ప్రభుత్వం నియమించిన బ్రేడీ సంఘం తేల్చింది. ఒక్కొక్కరికీ రక్షణనిచ్చే నియమం అందరూ ఒకేసారి పాటిస్తే ఊరు మునుగుతుందని ఆ రోజు చూపించింది. ఇలాంటి దాన్ని సమీకరణంలో కంటే కృత్రిమ బజారులో చూడటమే తేలిక.

బ్రయన్ ఆర్థర్, జాన్ హాలండ్, బ్లేక్ లెబారన్, రిచర్డ్ పామర్, పాల్ టేలర్ నిర్మించిన శాంతా ఫే కృత్రిమ షేర్ మార్కెట్‌లో ఒకే ఒక షేరు, 25 మంది యాంత్రిక వ్యాపారులు. ఒక్కొక్కరి దగ్గర 100 అంచనా సూత్రాలు. బజారు పరిస్థితిని 12 అవును-కాదు ప్రశ్నలుగా చూస్తారు. డివిడెండుతో పోలిస్తే ధర ఎక్కువా అన్నవి కొన్ని. గత 5, 10, 100, 500 పూటల సగటు కంటే ధర పైన ఉందా అన్నవి కొన్ని. చివరి రెండింటికి అర్థమేమీ లేదు. ఒకటి ఎప్పుడూ అవునే, ఇంకోటి ఎప్పుడూ కాదే. వ్యాపారులు ఈ రెండింటినీ పట్టించుకుంటే వాళ్లు నేర్చుకున్నది శూన్యమని తెలిసిపోతుంది. పరిశోధనలో నిజాయితీ అంటే ఇదీ. ఓడిన సూత్రాలను తీసేసి, గెలిచిన వాటిని కలిపి కొత్తవి పుట్టించే పనిని హాలండ్ జెనెటిక్ అల్గారిథమ్ చేస్తుంది. వ్యాపారులు సుమారు 1,000 పూటలకోసారి సూత్రాలు మార్చుకుంటే బజారు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ప్రశాంతంగా నడిచింది. సుమారు 250 పూటలకోసారి మార్చుకుంటే సగటు ధరల చార్టులు చూసి బేరం చేసేవాళ్లు పుట్టుకొచ్చారు, ధరలు ఉబ్బాయి, కూలాయి. ఎవరూ నేర్పకుండానే అసలు బజారు గుణాలు ఆ యంత్రంలో కనిపించాయి. 1997లో ప్రచురితమైన ఈ ఫలితం, చార్టులు నమ్మేవాళ్లు మూర్ఖులా కాదా అన్న పాత తగవును కొత్త దారి పట్టించింది. అందరూ చార్టులు చూస్తున్న బజారులో చార్టు చూడటమే తెలివి కావచ్చు.

అదే కాన్యన్ రోడ్డులో ఎల్ ఫరోల్ అనే బార్ ఉంది. గురువారాల్లో అక్కడ ఐరిష్ సంగీతం జరిగేది. బజారులో ఒకరి ఊహ ఇంకొకరి ఊహ మీద ఆధారపడే తీరును చూపడానికి ఆర్థర్ 1994లో దాన్నొక లెక్కగా మార్చారు. ఊళ్లో 100 మందికి వెళ్లాలనుంది. 60 మంది లోపు వస్తేనే సరదా. ఎవరూ ఎవరితో మాట్లాడుకోరు. పోయిన వారాల హాజరును చూసి ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. అందరికీ సరైనదయ్యే ఒకే ఊహ ఇక్కడ ఉండటానికి వీల్లేదు. అందరూ రద్దీగా ఉండదనుకుంటే అందరూ వస్తారు, రద్దీ అవుతుంది. అయినా రకరకాల ఊహలున్న యాంత్రిక మనుషులతో నడిపిస్తే హాజరు సగటున 60 దగ్గరే కుదురుకుంది.

అంతకు ముందే, 1990లో శాంతా ఫేలోనే ఒక పోటీ జరిగింది. 10,000 డాలర్ల బహుమతి సొమ్ముతో, వేలం బజారులో బేరమాడే ప్రోగ్రామ్‌లను దేశదేశాల నుంచి పిలిచారు. న్యూరల్ నెట్‌వర్కులూ జెనెటిక్ అల్గారిథమ్‌లూ బరిలో దిగాయి. గెలిచింది ఆర్థిక శాస్త్ర విద్యార్థి టాడ్ కాప్లన్ రాసిన చిన్న ప్రోగ్రామ్. మిగతావాళ్లు బేరమాడుకుంటుంటే అది పక్కన కాచుకుని, రెండు ధరలూ దగ్గరపడగానే దూరి బేరం ఎగరేసుకుపోయేది. 1993లో ధనంజయ్ గోడే, శ్యామ్ సుందర్ మరో అడుగు వేశారు. నష్టానికి అమ్మకూడదు, కొనకూడదు అన్న ఒక్క నియమం తప్ప బుర్రే లేని, తోచిన ధర పలికే యాంత్రిక వ్యాపారులను వేలంలోకి వదిలితే, బేరాల మొత్తం ఫలితం మనుషుల బజారుకు దాదాపు సమానంగా వచ్చింది. తెలివి వ్యాపారిలో ఎంత, బజారు నియమాల్లో ఎంత అన్న ప్రశ్న అప్పటి నుంచి ఆర్థిక శాస్త్రంలో నిలిచిపోయింది.

ధరల జోస్యంలో నిజంగా డబ్బు గడించినవాళ్లు పత్రాలు ప్రచురించలేదు. ఆ గెలుపు మూలాలు మాటలను గుర్తుపట్టే యంత్రాల్లో ఉన్నాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1969 నుంచి కార్నెగీ మెలన్‌లో న్యూవెల్, సైమన్‌ల సహచరుడిగా మాటలను గుర్తించే పరిశోధనకు నాయకత్వం వహించారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన బృందంలోని జేమ్స్ బేకర్ 1970ల మధ్యలో డ్రాగన్ అనే వ్యవస్థలో దాగిన మార్కోవ్ నమూనాలను మాటలకు వర్తింపజేశారు. వినిపించే ధ్వని వెనక కనిపించని అక్షరాల వరసను సంభావ్యతతో ఊహించడం ఆ నమూనా చేసే పని. అదే దారిని ఐబీఎంలో రాబర్ట్ మెర్సర్, కార్నెగీ మెలన్‌లోనే పీహెచ్‌డీ చేసిన పీటర్ బ్రౌన్ కొనసాగించారు. 1993లో ఆ ఇద్దరినీ లాంగ్ ఐలండ్‌లోని రినైసాన్స్ టెక్నాలజీస్ తీసుకుంది. దాన్ని స్థాపించిన జేమ్స్ సైమన్స్ స్టోనీ బ్రూక్‌లో గణిత శాఖాధిపతిగా పనిచేసినవారు. అంతకు ముందు రహస్య సంకేతాలు ఛేదించే సంస్థలో ఉండగా ఆయన సహోద్యోగి లెనీ బామ్ ఆ నమూనాలను నేర్పే లెక్కకు తన పేరు ఇచ్చిన గణితజ్ఞుడు. 1988లో మొదలైన రినైసాన్స్ వారి మెడాలియన్ ఫండ్ మూడు దశాబ్దాల పాటు ఫీజులకు ముందు సగటున ఏడాదికి 66 శాతం రాబడి తెచ్చిందని అంచనా. 2005 నాటికి బయటివాళ్ల సొమ్మంతా తిరిగి ఇచ్చేసి ఆ ఫండ్‌ను ఉద్యోగులకే పరిమితం చేశారు. ఒక్కో బేరంలో దక్కేది అత్యల్పం. అలాంటివి లక్షల్లో చేయడమే కిటుకు. అంతకు మించి వాళ్ల పద్ధతి బయటికి రాలేదు.

వేగం పెరిగాక ప్రమాదమూ క్షణాల్లోకి కుదించుకుపోయింది. 2010 మే 6 మధ్యాహ్నం ఒక మదుపు సంస్థ ప్రోగ్రామ్ 75,000 సూచీ ఫ్యూచర్లను ధర చూసుకోకుండా అమ్ముతూ పోయింది. వేగ వ్యాపార యంత్రాలు వాటిని ఒకదానికొకటి చేతులు మార్చుకుంటూ చివరికి తప్పుకున్నాయి. డౌ దాదాపు 1,000 పాయింట్లు కోల్పోయింది. కొన్ని పెద్ద కంపెనీల షేర్లు ఒక్క సెంటుకు అమ్ముడయ్యాయి, కొన్ని లక్ష డాలర్లకు. చికాగో ఎక్స్చేంజిలో వ్యాపారం 5 సెకన్లు ఆగగానే ధరలు కోలుకోవడం మొదలైంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ ఎనిమిది సర్వర్లలో ఒకదానిలో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం మరిచిపోయింది. ఎప్పుడో మూలన పడేసిన పాత ప్రోగ్రామ్ మేలుకుని 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

ఈలోగా అప్పుల రంగంలో మరింత సంక్లిష్టమైన నమూనాలు ప్రవేశించాయి. వాటి తీర్పు ఎందుకలా వచ్చిందో తయారుచేసినవాళ్లకే చెప్పడం కష్టమైంది. 2011లో ఫెడరల్ రిజర్వు, జాతీయ బ్యాంకుల నియంత్రణ కార్యాలయం కలిసి, బ్యాంకులు వాడే ప్రతి నమూనాను దాన్ని తయారుచేయనివాళ్లు స్వతంత్రంగా పరీక్షించాలని మార్గదర్శకాలు ఇచ్చాయి. 2022 మే నెలలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, నమూనా సంక్లిష్టమైనదని చెప్పి కారణం దాటవేయడానికి 1974 నాటి చట్టం ఒప్పుకోదని సర్క్యులర్ ఇచ్చింది. అప్పు దొరకనివాడికి కారణం తెలియాలన్నది దయాదాక్షిణ్యం కాదు. ఏది సరిచేసుకోవాలో తెలిస్తేనే అతను మళ్లీ నిలబడగలడు.

కచ్చితత్వం కావాలంటే కారణం వదులుకోక తప్పదన్న నమ్మకం పరిశోధకుల్లోనూ బలంగా ఉండేది. 2018లో ఫైకో, అంటే పాత ఫెయిర్ ఐజాక్ కంపెనీయే, ఒక పోటీ పెట్టి ఆ నమ్మకాన్ని పరీక్షకు నిలిపింది. ఇంటి విలువ మీద తీసుకునే అప్పుల దరఖాస్తులు సుమారు 10,000, పేర్లు తీసేసి ఇచ్చింది. ఎవరు ఎగవేస్తారో చెప్పే, లోపలి లెక్క కనిపించని చీకటి పెట్టె లాంటి నమూనా కట్టి, దాన్ని వివరించమన్నది ప్రశ్న. డ్యూక్ విశ్వవిద్యాలయంలో సింథియా రూడిన్ బృందం ఆ మొదటి మెట్టునే తోసిపుచ్చింది. చీకటి పెట్టె అవసరమే లేదని, పూర్తిగా పారదర్శకమైన రెండు అంచెల నమూనా కట్టింది. మొదటి అంచెలో పాత బాకీలు, చెల్లింపుల ఆలస్యం, వాడుకున్న అప్పు లాంటివి ఒక్కోటీ విడిగా ఒక చిన్న స్కోరు అవుతుంది. రెండో అంచెలో వాటిని కలిపితే తుది తీర్పు. ఫలితాల్లో అది చీకటి పెట్టెలకు దాదాపు సమానంగా నిలిచి, ఫైకో నుంచి ప్రత్యేక గుర్తింపు పొందింది. ఆ నమూనాను తెర మీద తెరిస్తే ఒక్కో దరఖాస్తుదారుకు ఏ అంశం దగ్గర ఎంత తగ్గిందో గడి గడికీ రంగులతో కనిపిస్తుంది.